పేరు వేరు, గుర్తింపు వేరు

ఖరగ్‌పూర్‌లో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్ల టికెట్టు మీద ఆ స్టేషన్ కోడు నేటికీ ఎం.ఏ.ఎస్. అనే ఉంటుంది. 1996లో మద్రాసు చెన్నై అయింది, 2019లో స్టేషన్‌కు ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టారు, కోడు మాత్రం కదలలేదు. మొగల్‌సరాయ్ సంగతి వేరు. 2018లో అక్కడ పేరుతో పాటు కోడు కూడా ఎం.జి.ఎస్. నుంచి డి.డి.యు.కు మారింది. కోడు మారిందంటే దాన్ని వాడే ప్రతి లెక్కనూ మార్చుకోవాల్సిందే. మనుషులు పిలిచే పేరు వేరు, లెక్కలు పట్టుకునే గుర్తింపు వేరు. ఈ తేడా ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊరికి కొత్త కాదు. కంప్యూటర్ పేరును చదివే, మార్చే ప్రోగ్రాములు రాసేవాళ్లే దీన్ని తరచూ మరిచిపోతున్నారు.

కంప్యూటర్‌కు పెట్టిన పేరు హోస్ట్‌నేమ్. లినక్స్‌లో గెట్‌హోస్ట్‌నేమ్ అనే ఫంక్షన్‌తో ఏ ప్రోగ్రామైనా దాన్ని అడిగి తెలుసుకోవచ్చు. పేరు 64 బైట్లు దాటదు, ముగింపు గుర్తుతో కలిపి 65 బైట్ల చోటిస్తే చాలు. చోటు తక్కువైతే పేరు మధ్యలో తెగిపోవచ్చు, అప్పుడు చివర ముగింపు గుర్తు ఉంటుందన్న హామీ పోసిక్స్ ప్రమాణంలో లేదు. పైగా చేతికొచ్చేది చాలాసార్లు సొంత పేరే, ఇంటిపేరు రాదు. మన ఇంటిపేరు ముందుంటుంది. నెట్‌వర్క్‌లో అది వెనక, చుక్క తర్వాత వచ్చే డొమైన్. దాని కోసం డీఎన్ఎస్‌ను అడగాలి. ఆ ఇంటిపేరూ శాశ్వతం కాదు. రైల్వే ఊరికి దాన్ని నడిపే రైల్వేయే ఇంటిపేరు అనుకుంటే, ఖరగ్‌పూర్ మొదట బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఊరు. అది 1952లో తూర్పు రైల్వేలోకి, 1955లో ఆగ్నేయ రైల్వేలోకి చేరింది. ఊరు కదలకుండానే ఇంటిపేరు రెండుసార్లు మారింది.

పేరు మార్చడం ఇంకా బరువైన పని. పేరు మార్చే సెట్‌హోస్ట్‌నేమ్ ఫంక్షన్‌ను మామూలు ప్రోగ్రాం పిలిస్తే కెర్నెల్ ఒప్పుకోదు, నిర్వాహకుడి అధికారం కావాలి. ఒప్పుకున్నా మారేది కెర్నెల్ మెమరీలో ఉన్న పేరే. యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే పాత పేరు తిరిగొస్తుంది. నిలవాలంటే ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్‌నేమ్ ఫైలు కూడా మారాలి. సిస్టమ్‌డీ ఉన్నచోట హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఈ రెండు పనులూ కలిపి చేస్తుంది. అంతటితో అయిపోదు. హోస్ట్స్ ఫైలులో పాత పేరే మిగిలితే డెబియన్ వంటి వ్యవస్థల్లో సుడో కొత్త పేరు దొరకడం లేదని ఫిర్యాదు చేస్తుంది. సర్టిఫికెట్లలో పాత పేరే ఉంటుంది, ముందే మొదలైన సర్వీసులు దాన్నే పట్టుకుని నడుస్తుంటాయి. విండోస్‌లోనైతే రీస్టార్ట్ చేసేదాకా కొత్త పేరు అమల్లోకి రాదు.

ఏ రెండు యంత్రాలకూ ఒకే పేరు రాకుండా చూసుకుంటే పేరునే గుర్తింపుగా వాడుకోవచ్చు కదా అని కొందరంటారు. ఒక గదిలో పది యంత్రాలున్నంతవరకు ఆ మాట చెల్లుతుంది. డిస్కు నకలు తీసి మరో యంత్రంలో వేసిన రోజున పేరూ నకలవుతుంది. కంటైనర్‌లో నడిచే ప్రోగ్రాంకు కనబడేది సాధారణంగా ఆ కంటైనర్ పేరే, దాన్ని మోస్తున్న యంత్రం పేరు కాదు. తెలుగు నేలకు దూరంగా స్థిరపడ్డ కుటుంబాల్లో పేరు చివరి రావు ఫారంలో ఇంటిపేరు గడిలోకి చేరడం మనకు తెలిసిందే. ఆ ఒక్క గడిని నమ్మి మనిషిని వెతికితే ఎవరు దొరుకుతారు? అందుకే లినక్స్‌లో 32 అంకెల మెషీన్ ఐడీ వేరుగా ఉంది. నకలు తీసినప్పుడు దాన్నీ కొత్తగా పుట్టించాలి, కానీ పేరు మారినా అది మారదు. అలాగైతే పేరు చదవడమే దండగ కదా అంటే, అదీ సరికాదు. అర్ధరాత్రి లాగ్ ముందు కూర్చున్న మనిషికి 32 అంకెలు ఏమీ చెప్పవు, ఏ యంత్రం దగ్గరికి పరుగెత్తాలో పేరే చెబుతుంది.

కాబట్టి ప్రోగ్రాం రాసేవాళ్లకు నా మనవి ఇది. పేరును మనిషికి చూపించడానికి చదవండి, లెక్కకు ఐడీని పట్టుకోండి. మార్చాల్సి వస్తే వ్యవస్థ ఇచ్చిన సాధనంతోనే మార్చి, పాత పేరు ఎక్కడెక్కడ రాసి ఉందో అక్కడల్లా దిద్దండి. అదంతా దిద్దేదాకా పేరు మారినట్టు కాదు.