గబ్బిలం ఏ గూటిది?

ఈ వారం ఒక సాహిత్య సభలో వక్త మళ్లీ, జంతువులను అడ్డదిడ్డంగా విభజించే ఆ ‘చైనా జంతువుల జాబితా’ చదివి హాలంతా నవ్వించారు. ఆ జాబితా చైనాది కానే కాదు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1942లో ఒక వ్యాసం కోసం కల్పించాడు. 1966లో ఫ్రెంచి తత్వవేత్త ఫూకో తన పుస్తకాన్ని దానితో మొదలుపెట్టాక ఊరూరా తిరిగింది. ఎవరు దేన్ని ఎలా సర్దుకున్నారో తెలియాలంటే వాళ్ల పుస్తకమే తెరవాలి.

ఇలా సర్దిన వర్గానికి చైనీయులు వాడే మాట ‘లేయ్’. పక్షిజాతి న్యావ్‌లేయ్, మానవజాతి రెన్‌లేయ్, వర్గీకరణ ఫెన్‌లేయ్. ఒక్కో రకం ‘జోంగ్’. పోలికలున్న రకాలను ఒకచోట చేరిస్తే లేయ్. పాత లిపిలో ఈ అక్షరంలో కుక్క ఉండేది. క్రీ.శ. 100 ప్రాంతంలో నిఘంటువు కూర్చిన షూ షెన్ కారణం కూడా చెప్పాడు: ఒక జాతివి ఒకదాన్నొకటి పోలి ఉండటం కుక్కల్లోనే ఎక్కువట. సరళీకరించిన లిపిలో ఆ కుక్క పోయింది. నాకది తీరని లోటు.

బోర్హెస్‌కు జవాబుగా లీ షిజెన్ వైద్యగ్రంథం ‘బెన్‌సావో గాంగ్‌మూ’ చూపాలనుకున్నాను. 1596లో నాన్‌జింగ్‌లో అచ్చయింది. 1,892 ద్రవ్యాలు, 16 విభాగాలు, 60 లేయ్‌లు. నీళ్లు, నిప్పు, మట్టితో మొదలై మనిషితో ముగుస్తుంది. ఎంత క్రమం! తీరా లోపలికి వెళ్తే బట్టలకూ పనిముట్లకూ ఒక విభాగం ఉంది. పక్షులు నాలుగు లేయ్‌లు: నీటివి, మైదానంవి, అడవివి, కొండవి. మైదానం పక్షుల్లో గబ్బిలం!

సభలో నవ్వినవాళ్లు దీనికీ నవ్వుతారు. సంస్కృత నిఘంటువు అమరకోశం వల్లించినవాళ్లు మాత్రం నవ్వరు; సింహాది వర్గంలో సింహం, సాలెపురుగు, పక్షులు అన్నీ కలిసే ఉంటాయి. చైనావాళ్లదీ నేటి శాస్త్రంలాంటి క్రమమేనని వాదించబోయిన నేను ఆ వాదన వదిలేశాను. అది వేరే క్రమం, వేరుగా ఉండటమే దాని విలువ. లీ షిజెన్ గబ్బిలాన్ని ఉంచిన లేయ్‌లోనే కోడి, పావురం, పిచ్చుక, వానకోవెల ఉన్నాయి. చాలామటుకు మనిషి చూరునూ పెరడునూ అంటిపెట్టుకుని బతికేవే. చైనా వైద్యంలో గబ్బిలం రెట్ట కంటిమందు. దాన్ని ఏరుకు రావలసినవాడికి అది పాలిచ్చే జంతువని చెబితే ఏం లాభం? ఏ చూరు కింద వెతకాలో చెప్పాలి.