కథకు బయట మిగిలే జీవితం: హ్యారీ డీన్ స్టాంటన్ నటన

తెలుగు సినిమా వాడుకలో ‘క్యారెక్టర్ ఆర్టిస్టు’ అన్న మాట తండ్రి, తాత, మునసబు, గుమస్తా, పొరుగింటి పెద్దమనిషి వంటి వేషాలు కట్టే నటీనటులందరికీ చెల్లుతుంది. అమెరికాలో వాడే ‘క్యారెక్టర్ యాక్టర్’ అన్న మాటకూ స్థూలంగా అదే అర్థమైనా, ఆ పేరు వెనుక అక్కడ తరతరాలుగా పెంపొందిన ప్రత్యేకమైన నటనా సంప్రదాయం ఉంది. నాయకుడి బాల్యాన్నీ ప్రేమనూ పగనూ కథ తీరిగ్గా విడమరచి చెబుతుంది. క్యారెక్టర్ నటుడికి దక్కేది రెండు మూడు సన్నివేశాలు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు మాత్రమే. తెర మీదికి రాకముందే ఆ మనిషి ఎక్కడో బతికి ఉన్నాడనీ, తెర దాటి వెళ్ళాక కూడా బతుకుతూనే ఉంటాడనీ ఆ కొద్ది వ్యవధిలోనే ప్రేక్షకుడికి తోచేటట్లు చేయడం ఈ కళలోని కీలకం. ఆ పనిని ఆరు దశాబ్దాలకు పైగా టెలివిజన్‌లోనూ సినిమాలోనూ సాగించిన హ్యారీ డీన్ స్టాంటన్ నటనను దగ్గరగా గమనిస్తే, కథ చెప్పకుండా వదిలిన జీవితాన్ని నటుడు తన ఒంటి మీద మోసుకురావడం ఎలాగో తెలుస్తుంది.

ఈ సంప్రదాయం స్టూడియోల యుగంలో స్థిరపడింది. 1930లలో, 1940లలో హాలీవుడ్ స్టూడియోలు తారలతో పాటు చిన్న వేషాల వారిని కూడా ఒప్పందాల మీద తమ వద్దే ఉంచుకునేవి. జాన్ ఫోర్డ్, ప్రెస్టన్ స్టర్జెస్ వంటి దర్శకులు తమకు నచ్చిన నటబృందాన్ని ఒక చిత్రం నుంచి మరొక చిత్రానికి వెంట తీసుకుపోయేవారు. ప్రేక్షకులకు వారి పేర్లు గుర్తుండకపోయినా ముఖాలు గుర్తుండేవి. 1936 నాటి చిత్రాలతో ఆస్కార్ పురస్కారాలలో సహాయ నటులకు వేరుగా బహుమతి ఏర్పడినప్పుడు దానిని తొలిసారి అందుకున్న వాల్టర్ బ్రెన్నన్, మరి నాలుగేళ్ళలో ఇంకా రెండుసార్లు గెలుచుకున్నాడు. సహాయ నటి థెల్మా రిట్టర్ ఆరుసార్లు నామినేషన్ పొంది కూడా ఒక్కసారైనా గెలవలేదు, స్టాంటన్‌కైతే ఆస్కార్ నామినేషనే రాలేదు. ఈ కళ విలువను బహుమతుల లెక్కతో కొలవడం సాధ్యం కాదనడానికి ఆ రెండు ఉదాహరణలు చాలు.

స్టూడియోల పట్టు సడలిన తరవాత ఈ నటులకు ఆశ్రయమిచ్చింది టెలివిజన్. 1950ల మధ్య నుంచి అమెరికా ఇళ్ళలో వెస్టర్న్ ధారావాహికలు, అంటే గుర్రాలూ తుపాకులూ సరిహద్దు పట్టణాలూ గల పడమటి సీమ కథలు, వారం వారం ప్రసారమయ్యేవి. 1955లో మొదలైన ‘గన్‌స్మోక్’ ఇరవై సీజన్లు నడిచి, 1975లో ముగిసేనాటికి 635 భాగాలు పూర్తి చేసుకుంది. అటువంటి ధారావాహికలో నాయకులు స్థిరంగా ఉంటారు కనుక ప్రతి వారం మారవలసినవారు వచ్చిపోయే మనుషులే: ఒక గుర్రపు దొంగ, ఒక తాగుబోతు, భూమి పోగొట్టుకున్న ఒక రైతు. ఇటువంటి ఒక్క భాగపు వేషాలను ‘గెస్ట్’ పాత్రలంటారు. రిహార్సలుకు వ్యవధి చాలని ఆ చిత్రీకరణలలో, పాత్రను మొదటి అడుగులోనే నిలబెట్టడం నేర్చుకోక తప్పేది కాదు. స్టాంటన్ ‘గన్‌స్మోక్’, ‘రాహైడ్’, ‘బొనాంజా’ వంటి ధారావాహికలలో ఇలాగే రాటుదేలాడు. మరొక నటుడితో పొరపాటు పడకుండా ఆ రోజుల్లో అతని పేరు ‘డీన్ స్టాంటన్’ అని మాత్రమే పడేది.

అతను 1926 జూలై 14న కెంటకీ రాష్ట్రంలోని వెస్ట్ ఇర్విన్‌లో పుట్టాడు. తండ్రి పొగాకు పండించేవాడు, క్షౌరవృత్తి కూడా చేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్టాంటన్ నౌకాదళంలో చేరి, ఒకినావా పోరు జరిగినప్పుడు సైన్యాన్ని ఒడ్డుకు దించే ఓడ మీద వంటవాడిగా పనిచేశాడు. యుద్ధానంతరం కెంటకీ విశ్వవిద్యాలయంలో చదివి, కాలిఫోర్నియా వెళ్ళి, పాసడీనా ప్లేహౌస్ అనే నాటకశాలలో శిక్షణ పొందాడు. చెంపలు లోపలికి పోయిన సన్నని ముఖం, గుంటకళ్ళు, ఎండలో నిలువునా ఎండిన కర్రలాంటి దేహం అతనివి. ఆ రూపానికి నాయక వేషం రాదని పరిశ్రమ తొందరగానే తేల్చుకుంది.

భారతీయ నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. ఆంగికం దేహంతో చేసేది, వాచికం మాటతో చేసేది, ఆహార్యం దుస్తులతోనూ అలంకరణతోనూ సమకూరేది, సాత్త్వికం లోపలి భావం ఒంటి మీద తేలడం. అమెరికా నటులకు ఈ పరిభాష తెలియకపోయినా స్టాంటన్ పద్ధతిని వివరించడానికి ఇది చక్కగా పనికివస్తుంది. జాక్ నికల్సన్ రచించగా 1960ల మధ్యలో మాంటీ హెల్మన్ తీసిన ‘రైడ్ ఇన్ ది వర్ల్‌విండ్’ అనే వెస్టర్న్‌లో స్టాంటన్ దొంగల నాయకుడి వేషం వేశాడు. ఏమీ నటించవద్దనీ, పాత్ర పనిని దుస్తులకే విడిచిపెట్టి తాను తనలాగే ఉండమనీ అతనికి సలహా ఇచ్చింది స్నేహితుడైన నికల్సనే. తన నటనకు అదే మలుపని స్టాంటన్ తరవాత చెప్పుకునేవాడు. ఆహార్యం మనిషిని ఒక వర్గానికీ వృత్తికీ అప్పగిస్తుంది కనుక, ఆ సమాచారాన్నే ముఖంతో మళ్ళీ చెబితే అది అతి అవుతుంది. ఒంటి మీది బట్ట చెప్పిన మాటను ముఖం చెప్పకుండా ఊరుకుంటే, ఆ ఖాళీలో సాత్త్వికానికి చోటు దొరుకుతుంది.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ ఇందుకు మంచి నిదర్శనం. అంతరిక్షంలో సరుకు మోసే ఓడలో మరమ్మతు పనివాడైన బ్రెట్‌గా స్టాంటన్ కనిపిస్తాడు. పూల చొక్కా, తలమీద టోపీ. యాఫెట్ కోటో ధరించిన పార్కర్ ఏది మాట్లాడినా ‘సరే’ అన్నట్లు పక్కనుంచి ఒకే ఒక్క మాట. వాచికాన్ని అంతవరకు కుదించడం వల్లనే, జీతం తక్కువనే గొణుగుడుతో ఏళ్ళు గడిపిన కూలివాడి బతుకు ఆ ఒక్క మాటలో వినిపిస్తుంది. ఓడలో తప్పిపోయిన పిల్లిని వెతుకుతూ అతను గొలుసులు వేలాడే గదిలోకి వస్తాడు. పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. టోపీ తీసి, తల వెనక్కి వాల్చి, ఆ నీళ్ళను ముఖం మీద పడనిస్తాడు. కథకు ఆ చర్యతో పనిలేదు. అయినా, చెమటపట్టిన పనివాడు చల్లని నీటికి ముఖం ఒప్పగించిన ఆ క్షణాల వల్లనే, వెంటనే జరిగే మృత్యువు ఒక మనిషి మరణంగా గుండెకు తాకుతుంది. భయానక చిత్రాలలో ఎందరో చనిపోతారు, వారిలో ప్రేక్షకుడు మనుషులుగా గుర్తుంచుకునేది కొద్దిమందినే.

అతనికి పాట కూడా ఒక పనిముట్టే. ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ (1967)లో సంకెళ్ళతో రోడ్డు పని చేసే ఖైదీలలో ఒకడిగా గిటారు పట్టుకుని భక్తిగీతాలు పాడాడు. శిక్షణతో నున్నబడిన గాత్రం కాదు అది, కెంటకీ పల్లె చర్చిలో కూర్చుని పాడే గొంతు.

బహుముఖత్వం అనగానే వేషం మార్చి, యాస మార్చి, గుర్తుపట్టలేనంతగా మారిపోయే నటుడే సాధారణంగా స్ఫురిస్తాడు. స్టాంటన్ మార్గం అందుకు భిన్నం. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం (1974)లో సాక్షిని కాపలా కాసే ప్రభుత్వ అధికారి, ‘రీపో మ్యాన్’ (1984)లో అప్పు కట్టనివారి కార్లు జప్తు చేసే బడ్, ‘ప్రెటీ ఇన్ పింక్’ (1986)లో భార్య విడిచిపోయాక కూతురి ముందు తలెత్తలేని నిరుద్యోగి తండ్రి, మార్టిన్ స్కార్సెసీ ‘ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ (1988)లో తాను బోధించే క్రీస్తు ఎదుట నిలిచిన క్రీస్తు కంటే ముఖ్యమని వాదించే పౌలు: ఈ నలుగురి ముఖమూ ఒకటే, గొంతు కూడా దాదాపు ఒకటే. మారేదల్లా ఎదుటి మనిషికి అతను పాటించే దూరం. బడ్ మీదపడి మాట్లాడతాడు, తండ్రి సోఫాలోంచి కదలకుండా చూపు దించుకుంటాడు, పౌలు జనం వైపు తిరిగి ఉంటాడు. వేషం మార్చడం కంటే ఈ దూరాన్ని మార్చడమే కష్టమైన విద్య. దానికి ఎదుటి నటుడి మాటను నిజంగా వినడం రావాలి.

అతనికి 57 ఏళ్ళు నిండాక మొదటిసారి పూర్తి నాయక పాత్ర దొరికింది. శామ్ షెపర్డ్ రచన ఆధారంగా విమ్ వెండర్స్ తీసిన ‘పారిస్, టెక్సస్’ 1984లో కాన్ చలనచిత్రోత్సవపు అత్యున్నత బహుమతి అందుకుంది. దుమ్ముపట్టిన కోటుతో, ఎర్ర టోపీతో ఎడారిలో నడిచివచ్చే ట్రావిస్ తొలి ఇరవై నిమిషాలకు పైగా నోరు విప్పడు. చిన్న వేషాలలో ముప్పై ఏళ్ళుగా కుదించుకుంటూ వచ్చిన వాచికం ఇక్కడ సున్నకు చేరింది. నడక ఒక్కటే కథ చెబుతుంది. నాలుగేళ్ళ క్రితం తాను విడిచిపోయిన కొడుకు తనను తండ్రిగా ఒప్పుకోవాలని ట్రావిస్ ఆరాటపడే ఘట్టం ఈ నటుడి విద్యకు అద్దం పడుతుంది. తండ్రి అంటే ఎలా ఉండాలని అతను ఇంటి పనిమనిషిని అడుగుతాడు. ఆమె అతనికి మంచి దుస్తులు ఎంచి తొడిగించి, తల ఎత్తి హుందాగా నడవడం నేర్పుతుంది. తరవాత బడి వదిలాక తండ్రి వీధికి ఒక పక్క, కొడుకు మరో పక్క నడుస్తూ, ఒకరి నడకను ఒకరు అనుకరిస్తూ ఇల్లు చేరతారు. అరువు తెచ్చుకున్న ఆహార్యం, నేర్చుకున్న ఆంగికం కలిసి ఒక తండ్రిని తయారుచేసే ఈ దృశ్యంలో స్టాంటన్ సరిగ్గా నడవలేనివాడి నడకను ఎంతో సరిగ్గా నడిచాడు.

చివర ట్రావిస్ తన భార్య జేన్‌ను హ్యూస్టన్ నగరంలో, డబ్బిచ్చి అద్దం వెనుక నుంచి స్త్రీలను చూసే ఒక చోట కనుగొంటాడు. అతనికి ఆమె కనిపిస్తుంది, ఆమెకు అతను కనిపించడు. మాట ఫోనులో నడుస్తుంది. అతను కుర్చీ తిప్పుకుని, అద్దానికి వీపు పెట్టి, ఎవరో ఇద్దరి కథ అన్నట్లు తమ కాపురం ఎలా చెడిపోయిందో చెబుతాడు. ఎదుటివారిని చూస్తూ నటించడమే సినిమాలో అలవాటైన పద్ధతి. ఇక్కడ నటుడి ముందున్నది గోడ మాత్రమే. గొంతు పెంచకుండా, కన్నీటిని ముందుకు తోయకుండా సాగే ఆ సుదీర్ఘ కథనంలో, కథలోని ఇద్దరూ తామేనని జేన్ (నస్టాసియా కిన్స్‌కీ) గ్రహించే క్షణం ఆమె ముఖంలో వికసించేందుకు అతను పూర్తిగా చోటు విడిచిపెట్టాడు. నాయక పాత్రలో కూడా సహాయ నటుడి ధర్మాన్ని విడవకపోవడమే ఈ దృశ్యాన్ని అమెరికన్ నటనలో శిఖరాలలో ఒకటిగా నిలిపిందని చెప్పవచ్చు.

ఆ విజయం తరవాత కూడా అతను చిన్న వేషాలకే తిరిగివచ్చాడు. 1999లో వచ్చిన రెండు చిత్రాలు చూస్తే చాలు. ‘ది గ్రీన్ మైల్’లో మరణశిక్ష అమలుకు ముందు జైలు సిబ్బంది రిహార్సలు చేసుకునేటప్పుడు, శిక్ష పడినవాడి బదులు విద్యుత్ కుర్చీలో కూర్చుని వేళాకోళాలాడే ఖైదీ అతను. డేవిడ్ లించ్ ‘ది స్ట్రెయిట్ స్టోరీ’లో, పచ్చిక కోసే చిన్న బండి మీద అయోవా నుంచి విస్కాన్సిన్ దాకా వచ్చిన ముసలి సోదరుడి కోసం తలుపు తెరిచే లైల్. సినిమా పొడవునా పేరు మాత్రమే వినబడుతూ వచ్చిన లైల్ కేవలం ఆఖరి దృశ్యంలో కనిపిస్తాడు. ఇంత దూరం దీని మీదే వచ్చావా అన్న ఒక్క ప్రశ్న అడిగి, ఆ బండి వైపు చూసి, కళ్ళలో నీళ్ళు నింపుకుంటాడు. ఆ అన్నదమ్ముల మధ్య పదేళ్ళ పగ కరగడానికి ఆ నటుడు తీసుకున్న సమయం ఒక నిమిషం లోపే.

టెలివిజన్ కూడా అతన్ని మరవలేదు. 2006లో మొదలైన ‘బిగ్ లవ్’లో బహుభార్యాత్వాన్ని బోధించే శాఖకు ప్రవక్తనని చెప్పుకునే రోమన్ గ్రాంట్‌గా, ఆ మెత్తని గొంతునే క్రూరత్వానికి వాడి చూపించాడు.

దాదాపు 90 ఏళ్ళ వయసులో మరొకసారి నాయకుడిగా నటించిన ‘లక్కీ’కి దర్శకుడు జాన్ క్యారల్ లించ్, ఆయనా పేరుపొందిన క్యారెక్టర్ నటుడే. ఎడారి ఊరిలో ఒంటరిగా బతికే ముసలివాడు లక్కీ ఒకప్పుడు నౌకాదళంలో వంటవాడని ఆ కథ చెబుతుంది. ‘ఏలియన్’ ఓడకు కెప్టెన్‌గా కనిపించిన టామ్ స్కెరిట్ ఒక దృశ్యంలో వచ్చి, అతని పక్కన కూర్చుని యుద్ధకాలపు జ్ఞాపకం చెబుతాడు. స్టాంటన్ ఎక్కువగా వింటాడు. మరొకచోట ఒక పిల్లవాడి పుట్టినరోజు పండుగలో, ఎవరూ అడగకుండానే స్పానిష్ పాట ఎత్తుకుంటాడు. 2017 సెప్టెంబరు 15న స్టాంటన్ మరణించిన రెండు వారాలకు ఆ చిత్రం అమెరికా థియేటర్లలో విడుదలైంది. దాని చివర లక్కీ ఒక పెద్ద జెముడు చెట్టు ముందు ఆగి, తలెత్తి దానిని చూసి, కెమెరా వైపు తిరిగి చిరునవ్వు నవ్వి, దారి వెంట నడిచిపోతాడు. అతను వెళ్ళిపోయాక కూడా కెమెరా అక్కడే ఉంటుంది. కథలో అంతకుముందే తప్పిపోయిన తాబేలు ఒకటి, తన తీరికలో తాను, ఆ ఖాళీ తెరను దాటిపోతుంది.