కత్తిపీట చెంత జంతుశాస్త్రము

ఆదివారమునాటి యుదయమున ఉప్పల్, నాచారముల వీథులలో చేపలు కోయువారి కత్తిపీటల చెంత నిలుచుట నాకు పరమప్రీతికరము. బూడిద యద్ది, జారిపోవు కొరమేనును ఒడిసిపట్టి, పొలుసులు గీచి, పొట్ట చీల్చి, చేదు చిట్లకుండ ప్రేగులను వెలికితీయు ఆ హస్తలాఘవమును ఎంత కొనియాడినను తక్కువయే.

అదే చేయి రొయ్యను పట్టినంతనే తీరు మార్చును: తల త్రుంచి, పెంకు నొలిచి, ఈమారు వీపును చీల్చి నల్లని దారమును లాగును. జనులు నరమని తలచు ఆ దారము నిజమునకు దాని ప్రేగు. నాడీదండము పొట్టవైపున నుండును. చేపయందన్ననో వెన్నుపాము పైన, ప్రేగులు క్రింద. 1822లో ఫ్రెంచి పండితుడు జాఫ్రా సెంటిలేర్ ఈ వైపరీత్యమును గాంచి, రొయ్యజాతి జీవులు వెల్లకిలబడిన వెన్నెముక జీవుల వంటివని ప్రతిపాదింపగా, జంతుకోటిని నాలుగు మహాశాఖలుగ విభజించిన కువియే సమ్మతింపడయ్యెను. అయినను 1990ల దశకమున పరిశోధకులు, ఈగయందు పొట్టవైపును, కప్పయందు వీపును తీర్చు జన్యువులు ఒకే కుదురువని కనుగొనిరి. ఎంతటి ధీరమైన ఊహ!

ఉప్పల్ రోడ్డున సీసీఎంబీ వంటి మహాపరిశోధనాలయ మున్నది. దాని కనతిదూరముననే ఈ కత్తిపీటవారు పీతను వెల్లకిల త్రిప్పి, మడతపడిన ఉదరపు రేకు వెడల్పైనచో ఆడుదని, సన్ననైనచో మగదని క్షణములో తేల్చి తూకమున వేయుచున్నారు.