పాఠశాలల లఘు డాక్యుమెంటరీల ఆన్‌లైన్ గ్రంథాలయం: వ్యాఖ్యాన భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పాఠశాల విద్యార్థుల కోసం లఘు డాక్యుమెంటరీ చిత్రాలను ఆన్‌లైన్‌లో సమీకరించడం గురించి జరిగే చర్చ ఎక్కువగా సాంకేతికత చుట్టూ, చిత్రాల సంఖ్య చుట్టూ తిరుగుతుంది. ఆ చిత్రాలలో వినిపించే తెలుగు ఎలా ఉండాలన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. వ్యాఖ్యానాన్ని అనువాద అవసరంగా కాక స్వతంత్ర రచనగా గుర్తించాలనీ, దాని లిఖిత ప్రతినీ వృత్తిపదాల సూచీనీ చిత్రంతోపాటు భద్రపరచాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు చేనేత, కొండపల్లి బొమ్మల తయారీ అనే రెండు వృత్తులను ఉదాహరణలుగా గ్రహిస్తుంది.

కీలక పదాలు: లఘు డాక్యుమెంటరీ, వ్యాఖ్యానం, వృత్తిపదాలు, డిజిటల్ గ్రంథాలయం, పాఠశాల విద్య, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

దృశ్య మాధ్యమం ద్వారా తెలుగు పిల్లలకు విద్య అందించే ప్రయత్నానికి దాదాపు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ‘సైట్’ ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలను లక్ష్యంగా చేసుకుంది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. ప్రసార మాధ్యమానికి సహజంగా ఒక పరిమితి ఉంది. ఆ వేళకు తరగతిలో లేని విద్యార్థికి ఆ కార్యక్రమం మళ్లీ అందదు. మధ్యలో ఆపి, ప్రశ్న అడిగి, తిరిగి చూపే వీలు ఉపాధ్యాయునికీ ఉండదు.

ఆన్‌లైన్ భాండాగారాలు ఈ పరిమితిని చాలావరకు తొలగించాయి. 2013లో జాతీయ బహిరంగ విద్యా వనరుల భాండాగారం, 2017లో ‘దీక్షా’ వేదిక ఏర్పడ్డాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ నుంచి నేరుగా వీడియోను చేరే మార్గం ఏర్పడింది. తెలంగాణలో టీ-శాట్ పాఠాలు టెలివిజన్‌తోపాటు అంతర్జాలంలోనూ లభిస్తున్నాయి. చిత్రాన్ని విద్యార్థికి చేర్చే దారులు ఇలా పెరిగినప్పుడు, చేరిన చిత్రం అతనితో ఏ భాషలో మాట్లాడుతోందన్న ప్రశ్నకు ప్రాధాన్యం పెరుగుతుంది.

2. వీడియో పాఠం – డాక్యుమెంటరీ:

వీడియో పాఠాన్నీ డాక్యుమెంటరీనీ ఒకటిగా భావించడం తరచుగా కనిపించే పొరపాటు. నల్లబల్ల ముందు ఉపాధ్యాయుడు బోధిస్తుండగా చిత్రీకరించినది వీడియో పాఠం. ఉపాధ్యాయుల కొరత ఉన్న బడులకు దాని ప్రయోజనం కాదనలేనిది. అయితే అది తరగతి గదిని మరో తరగతి గదిలోకి తెస్తుంది. డాక్యుమెంటరీ తరగతికి వెలుపలి ప్రపంచాన్ని, అందులోని మనుషులను, పనిని, స్థలాన్ని ఏరి కూర్చి చూపుతుంది. బడిలోని జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో అనుసంధానించాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం–2005 కోరింది. ఆ అనుసంధానానికి డాక్యుమెంటరీ అనువైన రూపం.

‘లఘు’ అన్న విశేషణానికి బోధనాపరమైన కారణం ఉంది. 45 నిమిషాల పీరియడులో 8 నిమిషాల చిత్రాన్ని రెండుసార్లు చూపినా, చర్చకు ఇంకా 29 నిమిషాలు మిగులుతాయి. సాంకేతిక కారణమూ ఉంది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నిల్వ చేస్తే 8 నిమిషాల చిత్రం సుమారు 60 మెగాబైట్లు అవుతుంది. అంతర్జాలం నిలకడగా లేని ఊరిలో కూడా ఉపాధ్యాయుడు దానిని ముందుగా ఫోనులోకి దింపుకొని తరగతిలో చూపగలడు.

3. వ్యాఖ్యానం – అనువాదమా, రచనా?

1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఒకే చిత్రాన్ని తెలుగు సహా అనేక భారతీయ భాషల వ్యాఖ్యానాలతో దేశమంతటికీ అందించింది. విస్తృతి దృష్ట్యా అది గొప్ప కృషి. కాని ఈ పద్ధతిలో వాక్యం నిడివిని నిర్ణయించేది మూలభాష. చిత్రం కూర్పు ముందే పూర్తవుతుంది కనుక అనువాదకుడు ఇచ్చిన వ్యవధిలో తెలుగును ఇమడ్చవలసి వస్తుంది. క్రియ వాక్యం చివర వచ్చే తెలుగులో, దృశ్యం మారిపోయాక గాని పని పేరు వినబడని స్థితి దీనివల్ల ఏర్పడుతుంది.

చేనేతలోని ఆసు పోయడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కట్టి రంగులద్దే చీరలకు పేక నూలును సిద్ధం చేసే క్రమంలో, అర్ధవృత్తాకారంలో అమర్చిన మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పుతారు. ఒక్క చీరకు ఆ చెయ్యి వేలసార్లు కదలాలి. చాలా ఇళ్లలో ఇది స్త్రీలు చేసే పని. తల్లి పడే శ్రమను చూసి చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ దృశ్యానికి “ఈ ప్రక్రియలో నూలు అర్ధవృత్తాకార చట్రంపై చుట్టబడుతుంది” అన్న వ్యాఖ్యానాన్ని ఊహించవచ్చు. ఈ వాక్యంలో సమాచార దోషం లేదు. అయితే కంటికి కనిపిస్తున్నదానినే అది మళ్లీ చెబుతోంది. పని పేరును విడిచిపెట్టింది. ‘చుట్టబడుతుంది’ అన్న కర్మణి ప్రయోగం వల్ల పని చేస్తున్న మనిషి వాక్యంలో లేకుండా పోయింది.

దీనికి బదులుగా “ఇది ఆసు. ఈవిడ చీరకు కావలసిన పేక నూలును ఆసు పోస్తున్నారు. ఆ చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్కపెట్టండి” అన్నప్పుడు మూడు ప్రయోజనాలు సిద్ధిస్తాయి. దృశ్యానికి పేరు వస్తుంది. కర్త వాక్యంలోకి వస్తుంది. చూసే పిల్లలకు ఒక పని ఏర్పడుతుంది. ‘పోస్తున్నారు’ అన్న గౌరవవాచకానికీ ఇక్కడ విలువ ఉంది. తెలుగులో క్రియారూపాన్ని ఎంచుకోవడమంటే మనిషికిచ్చే స్థానాన్ని ఎంచుకోవడం కూడా. నేత కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి తన తల్లి చేసే పనిని కర్త లేని వాక్యంలో వినడానికీ, గౌరవంతో కూడిన వాక్యంలో వినడానికీ ఉన్న భేదం చిన్నది కాదు.

4. వృత్తిపదాలు – గ్రంథాలయ సూచీ:

చిత్రాలను ఒకచోట పోగుచేసినంత మాత్రాన గ్రంథాలయం కాదు. వెతికినవారికి దొరికే ఏర్పాటు ఉండాలి. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్రను వాడతారు. చెక్కిన భాగాలను అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కును ఉపయోగిస్తారు. ఇటువంటి చిత్రానికి ‘హస్తకళలు’ అన్న ఒక్క సూచీపదమే ఉంటే, ‘పొణికి’ అనో ‘మక్కు’ అనో వెతికిన ఉపాధ్యాయునికి అది కనిపించదు. సూచీలో చేరని పదం ఆ గ్రంథాలయంలో లేనట్లే లెక్క.

ఈ లోటును పూరించడానికి తెలుగులో ఆధారం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశంలో 1962 నాటి తొలి సంపుటం వ్యవసాయ పదాలకు, 1971 నాటి రెండవ సంపుటం చేనేత పదాలకు సంబంధించినవి. ఒకే పనిముట్టుకు వివిధ ప్రాంతాలలో ఉన్న పేర్లను ఆ కోశం నమోదు చేసింది. ఆ పర్యాయాలను సూచీలో కలిపితే, ఏ ప్రాంతపు మాటతో వెతికినా అదే చిత్రం లభిస్తుంది. కోశంలోని మాటకు చిత్రంలో రూపం కనిపిస్తుంది.

5. అభ్యంతరాలు – సమాధానాలు:

మాండలిక పదాలు చేరితే ఇతర ప్రాంతాల పిల్లలకు చిత్రం అర్థం కాదన్న అభ్యంతరం రావచ్చు. అచ్చు పుస్తకంలో ఈ ఇబ్బంది నిజమే. చిత్రంలో మాట వినిపించే క్షణంలోనే వస్తువు కనిపిస్తుంది కనుక అర్థ వివరణ భారం తగ్గుతుంది. వాక్య నిర్మాణం పాఠ్యపుస్తక భాషకు దగ్గరగా ఉండి, వృత్తిపదం మాత్రం స్థానికంగా ఉండటం ఆచరణీయమైన మధ్యేమార్గం.

ప్రతి చిత్రానికీ స్వతంత్ర తెలుగు రచన ఖర్చుతో కూడుకున్నదన్నది రెండవ అభ్యంతరం. అయితే 8 నిమిషాల చిత్రానికి కావలసిన వ్యాఖ్యానం కొద్ది పుటలకు మించదు. చిత్రీకరణ, కూర్పు, ప్రయాణం వంటి వ్యయాలతో పోలిస్తే రచన వ్యయం స్వల్పం. లోపం నిధులలో కంటే, రచయితను చివరి దశలో పిలిచే పద్ధతిలో ఎక్కువగా ఉంది.

6. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు తేలుతున్నాయి. మొదటిది, వ్యాఖ్యాన రచయిత చిత్రీకరణకు ముందే వృత్తిదారులతో మాట్లాడి పదాలను సేకరించాలి. రెండవది, ప్రతి చిత్రంతోపాటు వ్యాఖ్యానపు లిఖిత ప్రతిని ఉంచాలి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు ఉపశీర్షికలుగా, ఉపాధ్యాయునికి పాఠ్యాంశంగా, పరిశోధకునికి భాషా సామగ్రిగా అది ఉపకరిస్తుంది. మూడవది, సూచీని వృత్తిపదకోశాల ఆధారంగా రూపొందించాలి.

ఈ మూడింటిలో ఏదీ కేవలం సాంకేతిక నిపుణులతో పూర్తయ్యేది కాదు. పద సేకరణ, పాఠ పరిష్కరణ, కోశ నిర్మాణం తెలుగు శాఖలకు అలవాటైన పనులే. కవిత్వానికీ కథకూ ఇచ్చే విమర్శ దృష్టిలో కొంత భాగాన్ని డాక్యుమెంటరీ వ్యాఖ్యానానికి కేటాయించడం, స్నాతకోత్తర స్థాయి ప్రాజెక్టులలో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వ్యాఖ్యానాన్ని రాయించడం ఇందుకు తొలి అడుగులు కాగలవు. మరమగ్గాల వ్యాప్తితో, యంత్రాల రాకతో చేతిపని తగ్గుతున్నకొద్దీ దాని మాటలు తెలిసిన తరం కూడా తగ్గుతోంది. ఆ తరం అందుబాటులో ఉండగానే ఈ పని మొదలుకావలసి ఉంది.