పట్టేసిన మర

వానాకాలం పత్తి పూతకు వచ్చే రోజుల్లో ఆదోని మెకానిక్ షాపుల ముందు తైవాన్ పంపులు, అంటే మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లు, వరసగా చేరతాయి. మందు కొట్టీ కొట్టీ ఆగిపోయినవి కొన్ని, ఏడాదంతా కొట్టంలో మూలన పడి ఉన్నవి కొన్ని. విప్పితే లోపలి వాషర్లు మార్చడం పది నిమిషాల పని. కానీ ఆ నాలుగు స్క్రూలు ఊడి రావాలి కదా! పొద్దంతా అక్కడే గడిచిపోతుంది.

ఈ పంపుల్లో కొన్నిటికి ఒళ్లు అల్యూమినియం, బిగించిన స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టని స్టీలు ఎట్లా పట్టేసిందని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. స్టీలు చెక్కు చెదరలేదు, తినేసింది అల్యూమినియాన్ని. రెండు వేరు వేరు లోహాలు ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీ పుడుతుంది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా లోహపు బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డముక్కలు పెట్టి కరెంటు పుట్టించింది ఈ సూత్రంతోనే. మన పంపులోని బ్యాటరీలో కరిగేది అల్యూమినియం. కరిగింది తెల్లటి పొడిగా మారి, మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమించి, మరల సందుల్లో సిమెంటులాగా గట్టిపడుతుంది.

సముద్రంలో తిరిగే తెరచాప పడవలకూ ఇదే రోగం. వాటి స్తంభాలు చాలావరకు అల్యూమినియం, వాటికి బిగించే కొక్కేలు, గిలకల స్క్రూలు స్టెయిన్‌లెస్. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప నావలో ఆరుగురు నేవీ మహిళా అధికారులు భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. వాళ్లలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులే. 2018 మే 21న తిరిగొచ్చేదాకా నడిసముద్రంలో ఏది చెడినా తమ చేతులతోనే బాగుచేసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఉప్పుగాలి చేసే పనిని మా పొలాల్లో ఎరువు నీళ్లు, మందు చుక్కలు, బోరులోని చవుడు చేస్తాయి. సముద్రం చూడని ఊరి మెకానిక్‌కు పడవవాళ్ల విద్య అబ్బింది అందుకే.

ఆ విద్యలో మొదటి పాఠం, బలం చూపించకపోవడం. కొత్తగా చేరిన పిల్లోడు పానా పట్టుకుని ఊగితే మేస్త్రి ఆపుతాడు. "తొందరపడకప్పా, తల తెగిందంటే మన పని మూడింతలవుతుంది." మగ్గాల ఊరు ఎమ్మిగనూరులో ఈ మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. పడుగులో చిక్కు పడితే లాగకూడదని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

ముందు స్క్రూ తలలోని గాడిని సూదితో గీకి, మట్టి తీసి, డ్రైవరు మొన అడుగుదాకా దిగేట్టు చూడాలి. ప్లస్ గాడిలోనూ రకాలున్నాయి. జపాను కొలతల స్క్రూలో ఫిలిప్స్ మొన పూర్తిగా కూర్చోదు, తిప్పేకొద్దీ పైకి జారి గాడిని చెరిపేస్తుంది. పాత బైకుల ఇంజను కవర్ల మీద గుండ్రంగా అరిగిన స్క్రూలు కనిపిస్తే చాలావాటికి కారణం ఇదే. తర్వాత డీజిలో, తుప్పు వదిలించే స్ప్రేనో పోసి రాత్రంతా వదిలేస్తారు. నడుమ నడుమ తల మీద సుత్తితో నిలువుగా చిన్న దెబ్బలు. ఆ అదురుకు తెల్లపొడి చిట్లి నూనెకు దారి ఇస్తుంది. ఇంపాక్ట్ డ్రైవరుంటే ఇంకా మేలు, దెబ్బ స్క్రూను కిందికి అదుముతూనే కొంచెం తిప్పుతుంది. మొదటి తిప్పు బిగించే వైపు ఉండాలి. వెంట్రుకవాసి కదిలినా పట్టు విడిపోయినట్టే. ఆ తర్వాత పావు చుట్టు విప్పడం, మళ్లీ కాస్త బిగించడం, నూనె చుక్క వేయడం.

దీనికీ లొంగకపోతే మంట. వంద డిగ్రీల వేడికి మీటరు పొడవు అల్యూమినియం 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది, స్టెయిన్‌లెస్ 1.7 దాకానే. అంటే వేడెక్కితే రంధ్రం స్క్రూకంటే ఎక్కువ పెరుగుతుంది. చిక్కేమిటంటే అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర చడీచప్పుడు లేకుండా కారిపోతుంది. అందుకే బట్టల సబ్బుతో పక్కన గీత గీస్తారు. గీత నల్లబడిందంటే వేడి మితిమీరినట్టే. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగరాలి, అంత చాలు. అప్పుడు కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. నేను దగ్గరుండి చూసినప్పుడు, మైనం దిగిన కాసేపటికి స్క్రూ కీచుమని ఒక్క కేక పెట్టి కదిలింది. దాని ఒంటి మీద విభూతి పూసినట్టు తెల్లగా పొడి. మంట పెట్టేముందు పెట్రోలు ట్యాంకు తీసేయడం, పంపును కడిగి మందు ఆనవాలు లేకుండా చేయడం మరిచిపోకూడదు. మందు కాలిన పొగ ప్రాణాంతకం.

తల తెగితే మిగిలిన మొండి మీద నట్టు పెట్టి వెల్డింగు చేస్తారు. స్టీలు వెల్డింగు అల్యూమినియానికి అతకదు కాబట్టి పంపు ఒంటికి భయం లేదు, పైగా ఆ వేడే పట్టును సడలిస్తుంది. అదీ కాకపోతే డ్రిల్లు. స్టెయిన్‌లెస్‌ను వేగంగా, పైపైన తొలిస్తే ఇంకా గట్టిపడుతుంది. నెమ్మదిగా, గట్టిగా అదిమి, పదునైన మొనతో తొలవాలి.

నా దృష్టిలో ఇంత శ్రమకంటే విలువైనది తిరిగి బిగించేటప్పటి రెండు నిమిషాలు. మర శుభ్రంగా తుడిచి గ్రీజు పూస్తే తేమ చేరదు, బ్యాటరీ పుట్టదు. పడవవాళ్లు ఇందుకు లానోలిన్ వాడతారు, అంటే గొర్రె బొచ్చు నుంచి తీసిన జిడ్డు. గొంగడి కప్పుకున్న వాడెవడికైనా ఆ జిడ్డు తెలుసు, వాన నీటిని అది ఒంటికి అంటనివ్వదు. మేస్త్రికి ఈ సంగతి చెబితే చేతిలోని స్క్రూను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మన కురుబోళ్ల గొంగళ్లలో ఉండేదేనా?" అని అడిగి, డబ్బాలో వేలు ముంచి గ్రీజు ఇంకొంచెం పూశాడు. స్క్రూ వేళ్లతోనే చివరిదాకా దిగింది.