భోజనం పక్కన బార్బేరా

ఇటలీ రెడ్ వైన్ రుచి చూద్దామనుకున్న చాలామంది నేరుగా బరోలో జోలికి వెళ్తారు. పేరు అలాంటిది మరి. నా మాట వింటే అక్కడ మొదలుపెట్టకండి. బరోలోను చట్టప్రకారం కనీసం 38 నెలలు మాగబెట్టాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. అప్పటికీ చాలా సీసాలు ఇంకొన్నేళ్లు ఆగితే గానీ మెత్తబడవు. బరోలో పుట్టిన ఇటలీలోని ఆ పీడ్‌మాంట్ కొండల్లోనే జనం మామూలు రోజుల్లో భోజనంతో తాగేది బార్బేరా. రెడ్ వైన్ రుచి పట్టుకోవడం నేర్పడానికి దాన్ని మించిన గురువు లేదని నా నమ్మకం.

కొత్తవాళ్లను బెదరగొట్టేది వగరు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్ వల్ల, జామపిందె కొరికినట్టు నోరంతా పట్టేస్తుంది. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షలో అది దండిగా ఉంటుంది. బార్బేరాలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. కాయ బాగా పండి తీపెక్కినా ఆ పులుపు పోదు. పులుపు తగలనిదే ముద్ద దిగని మనకు ఇంతకంటే దగ్గరి వైన్ ఏముంటుంది?

గ్లాసులో మూడోవంతు పోస్తే చాలు. తెల్ల కాగితం మీద వంచి చూడండి. ముదురు ఎరుపు, అంచుల్లో ఊదా ఛాయ. రంగు చిక్కగా ఉంది కదా అని వగరు కూడా గట్టిగా ఉంటుందనుకోకండి. నెబ్బియోలో పలచటి రంగులోనే గట్టి వగరు దాచుకుంటుంది, బార్బేరా లెక్క దానికి తలకిందులు. గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన చూస్తే చెర్రీ, ప్లమ్ పండ్లు గుర్తొస్తాయి. ఒక గుక్క తీసుకుని, మింగకుండా నోరంతా తిప్పండి. మింగాక కాసేపు ఆగండి. నాలుక పక్కల నీళ్లూరితే అది పులుపు పని. చిగుళ్లు, బుగ్గల లోపలివైపు ఆరిపోయినట్టుంటే టానిన్ పని. ఈ రెండూ విడివిడిగా తెలిసినవాళ్లకు ఏ రెడ్ వైన్ అయినా లొంగుతుంది.

రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశాల ఇళ్లకు సరిపోతుంది. మన ఎండల్లో అలా తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, 16 డిగ్రీల దగ్గర తాగండి.

పీడ్‌మాంట్‌లో చలికాలం వంటకం బాన్యా కౌదా. వెల్లుల్లి, ఉప్పులో ఊరిన ఆంకొవీ చేపలు ఆలివ్ నూనెలో సన్నసెగన కరిగేదాకా ఉంచి, కూరగాయ ముక్కలు అందులో ముంచుకుని తింటారు. ఆ నూనె, ఆ ఉప్పదనం నోట్లో పేరుకున్నాక ఒక గుక్క బార్బేరా పడితే నోరు శుభ్రమై మళ్లీ ఆకలి పుడుతుంది. విడిగా తాగితే కాస్త పుల్లనిపించిన వైనే తిండి పక్కన నిండుగా తోస్తుంది.

బార్బేరా ద్రాక్ష చెడ్డరోజులూ చూసింది. 1986లో మిథనాల్ కలిపిన చౌక వైన్ తాగి ఇటలీలో 20 మందికి పైగా చనిపోయారు. బార్బేరా పేరుతో అమ్మిన సీసాలూ అందులో ఉన్నాయి. ఆ మచ్చ చెరగడంలో వైన్ తయారీదారు జాకొమో బొలోన్యా లాంటివాళ్ల పట్టుదల ఉంది. ఆయన 1982 పంట బార్బేరాను చిన్న ఓక్ పీపాల్లో మాగబెట్టి, దీన్నీ గొప్ప వైన్ల సరసన కూర్చోబెట్టవచ్చని చూపించారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పీడ్‌మాంట్ ద్రాక్షతోటల్లో నిజ్జా మోన్‌ఫెరాటో బార్బేరా తోటలూ ఉన్నాయి.

సీసా మీద ‘బార్బేరా దాస్తి’ అని ఉంటే అందులో కనీసం 90 శాతం ఈ ద్రాక్షే. ‘సుపీరియోరె’ అని కూడా ఉంటే పీపాలో మాగినది. మొదటిసారి ఆ మాట లేని సీసానే, పంట వచ్చి రెండు మూడేళ్లు దాటనిదే కొనండి. మూత మాత్రం అన్నం వడ్డించాకే తీయండి.