ముసలి గుర్రం ఎప్పుడు పడుకుంటుంది?

వయసు మీరిన గుర్రాన్ని పని నుంచి తప్పించి, మెడలో పూలదండ వేసి, ఇక పూర్తి విశ్రాంతి ఇస్తున్నామని ప్రకటించి నాలుగు గోడల మధ్య కట్టివేయడం దయకు గుర్తుగా చలామణీ అవుతోంది. అటువంటి ఫోటో ఒకటి ఈ వారం ఫోన్లలో విపరీతంగా తిరిగి అందరి మెప్పూ పొందింది గానీ, దండను వదిలి గుర్రం నిలబడిన తీరును చూసినవారికి దాని వెనుక కాళ్ళు రెండూ పొట్ట కిందికి చేరి ఉండటం, నడుము కొద్దిగా పైకి ఉబకడం, వెన్నుకు అటూ ఇటూ కండ కరిగిపోవడం కనిపించే ఉంటాయి. విశ్రాంతి అనే మాటతో ఈ శీర్షికకు ఉన్న పాత పేచీ పాఠకులకు తెలియనిది కాదు. కదలనివ్వకుండా కట్టివేయడం విశ్రాంతి కాదు, హాని అన్న ఈ వాదనే కాడి దింపిన ఎద్దుల గురించి రాసినప్పుడూ వచ్చింది, ఇప్పుడు గుర్రాల వంతు.

ఈ విషయం తెలుగువారికి దూరమైనదేమీ కాదు. మలక్‌పేట రేసుకోర్సు, హైదరాబాద్ పోలీసుల అశ్వదళం, ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పే జాతీయ పోలీసు అకాడమీ, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చే కుటుంబాలు, వీటన్నిటిలోనూ గుర్రాలు ముసలివవుతూనే ఉంటాయి. పందెపు గుర్రం సాధారణంగా పదేళ్ళ లోపే పందేలు మానుతుంది, బాగా చూసుకుంటే 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది కనుక దాని జీవితంలో పెద్ద భాగం పని ముగిసిన తర్వాతే గడుస్తుంది. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రం రాసిన కాలం నుంచి సుడులూ రంగులూ చూసి గుర్రాన్ని ఎంచుకునే విద్య మీద మనకున్న మోజు, ముసలి గుర్రాన్ని సాకే విద్య మీద లేకపోవడం విచారించదగిన సంగతి.

వెనుక కాళ్ళు బిగుసుకుపోవడం వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. గుర్రపు వెనుక కాలిలో వెనక్కి పొడుచుకు వచ్చినట్టు కనిపించే కీలును హాక్ అంటారు; చూడటానికి తిరగబడ్డ మోకాలిలా ఉన్నా, నిర్మాణాన్ని బట్టి అది మనిషి చీలమండకూ మడమకూ సమానమైనది, వరుసలుగా పేర్చిన చిన్న ఎముకల మధ్య ఉండే పలు కీళ్ళ సముదాయం. కదలిక దాదాపు అంతా పై కీలులోనే జరుగుతుంది, అయితే అరుగుదల ఎక్కువగా కనిపించేది అతి స్వల్పంగా కదిలే కింది రెండు కీళ్ళలో. ఈ అరుగుదలను మొదట పసిగట్టేది చాలాసార్లు వైద్యుడు కాదు, లాడాలు కొట్టే నాల్‌బంద్. గుర్రం కాలు పూర్తిగా ఎత్తక కొన ఈడుస్తూ నడవడం వల్ల వెనుక లాడం ముందు అంచు వాలుగా అరిగిపోయి ఉంటుంది, గిట్ట చెక్కడానికి కాలు పైకెత్తితే గుర్రం లాక్కుంటుంది, అదే కాలిని నేలకు దగ్గరగా తక్కువ ఎత్తులో పట్టుకుంటే ఓర్చుకుంటుంది.

కీలు కొనలను కప్పి ఉంచే మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉన్న ద్రవమే దానికి ఆహారం, స్పాంజిని నొక్కి వదిలినట్టు బరువు పడుతూ లేస్తూ ఉంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. ఉదయం గడప దాటేటప్పుడు పొట్టి అడుగులు వేసిన గుర్రం కాసేపు మెల్లగా నడిచాక అడుగు సాగదీయడానికి కారణాల్లో ఇదొకటి. అరుగుదల మాత్రమే ఉన్న గుర్రానికి రోజంతా ఆరుబయట తిరిగే వీలు, ఎగుడుదిగుడు లేని నేల, నెలన్నర నుంచి రెండు నెలలకొకసారి గిట్టల చెక్కుడు ఏ మందుకూ తీసిపోవు. విశ్రాంతి మీద ఈ శీర్షిక సాగించిన వాదనకు ఇంతవరకూ శాస్త్రం తోడుగానే ఉంది.

అయితే ముసలి గుర్రానికి ఉండేది ఒక్క అరుగుదలే కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మధ్య భాగాన్ని అదుపులో ఉంచే డోపమిన్ నాడీకణాలు వయసుతో క్షీణించినప్పుడు, ఆ భాగం పెరిగిపోయి హార్మోన్లను అతిగా స్రవించే స్థితిని పిపిఐడి అంటారు, పాత వాడుకలో కుషింగ్స్ వ్యాధి. పదిహేనేళ్ళు దాటిన గుర్రాల్లో దాదాపు ఐదింట ఒకదానికి ఇది ఉంటుందని అంచనా. వేసవి వచ్చినా రాలని పొడవాటి వెంట్రుకలు, వేలాడే పొట్ట, వెన్ను మీదా పిరుదుల మీదా కరిగే కండ దీని గుర్తులు. కండ లేని వెనుక భాగం బలహీనంగా అడుగు వేస్తే దాన్నీ కీళ్ళ నొప్పిగానే పొరబడతారు. మే నెల ఎండలో అంత జూలుతో నిలబడిన గుర్రానికి వెంట్రుకలు కత్తిరించడం అలంకారం కాదు, చికిత్సలో భాగం. పెర్గోలైడ్ అనే మందు రోజూ, జీవితాంతం ఇవ్వవలసి ఉంటుంది; అది వ్యాధిని మాన్పదు, అదుపులో ఉంచుతుంది. అరిగిన పళ్ళ కోసం నానబెట్టిన మేత, ప్రేమతో పెట్టే బెల్లం ముక్కకు స్వస్తి, భాస్వరం ఎక్కువై ఎముకల్లోని కాల్షియాన్ని లాగేసే వరి తౌడు విషయంలో జాగ్రత్త, ఇవి దానికి తోడు.

ఈ వ్యాధి తెచ్చే అసలు ప్రమాదం గిట్టలో ఉంది. గిట్ట గోడను లోపలి ఎముకతో కలిపి పట్టి ఉంచే సున్నితమైన పొరలు దెబ్బతినడాన్ని లామినైటిస్ అంటారు. పిపిఐడితో పాటు ఇన్సులిన్ కూడా అదుపు తప్పిన గుర్రాల్లో ఇది తరచుగా వస్తుంది. ముందు గిట్టలు మండిపోతున్న గుర్రం బరువును వెనక్కి తోసి, వెనుక కాళ్ళను పొట్ట కిందికి తెచ్చుకుని నిలబడుతుంది, తిప్పబోతే కొయ్యలా మొరాయిస్తుంది. చూసేవారికి జబ్బు వెనుక కాళ్ళలో ఉన్నట్టు తోస్తుంది, ఉన్నది ముందు గిట్టల్లో. నడిపిస్తే సర్దుకుంటుందనే సలహా ఆ గుర్రం విషయంలో క్రూరత్వమవుతుంది, ఎందుకంటే ప్రతి అడుగూ సడలిన పొరలను ఇంకా చీలుస్తుంది. అప్పుడు కావలసింది మెత్తని పరుపు మీద నిశ్చలత, వెంటనే వైద్యుడి రాక. ఆ ఫోటోలోని గుర్రానిదీ ఇదే బాధ కావచ్చు, దాన్ని కట్టివేసినవారే సరైన పని చేసి ఉండవచ్చు.

నొప్పి మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఫినైల్‌బ్యూటజోన్ గుర్రాలకు బాగా పనిచేస్తుంది గానీ, ఎక్కువ మోతాదులోనో దీర్ఘకాలమో ఇస్తే కడుపులో పుండ్లూ మూత్రపిండాలకు హానీ కలిగించగలదు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది, ఆ మందు మిగిలి ఉన్న కళేబరాలను తిని రాబందులు లక్షల్లో చనిపోయాయి కనుక. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో నిషిద్ధ మందుల జాబితాలో చేరాయి. అందువల్ల మందుల దుకాణంలో మనుషుల కోసం ఉన్న ఇంజెక్షన్ తెచ్చి పొడిచే అలవాటు ఎంత పాతదైనా క్షమించదగినది కాదు.

కదలిక వైపో నిశ్చలత వైపో పట్టుబట్టడం వల్ల మరుగున పడిపోయేది నిద్ర. గుర్రం నిలబడి నిద్రపోతుందన్న మాట సగమే నిజం. వెనుక మోకాలి చిప్పను తొడ ఎముక అంచుకు తగిలించి, కాలిని గొళ్ళెం పెట్టినట్టు బిగించే ఏర్పాటు దానికి పుట్టుకతో ఉంది. హాక్, మోకాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతో రెండూ కలిసి బిగుసుకుంటాయి, కండరాల శ్రమ దాదాపు లేకుండానే ఒక కాలికి విరామమిస్తూ మరో కాలిపై అది కునుకు తీస్తుంది. అయితే కనుగుడ్లు కదులుతూ ఒళ్ళంతా వదులయ్యే గాఢ దశకు గుర్రం నేల మీద పడుకోక తప్పదు, రోజుకు అరగంటో కొంచెం ఎక్కువో చాలు గానీ అది లేకుండా గడవదు. చిక్కు లేవడంలో ఉంది. ఆవు లేచేటప్పుడు వెనుక భాగాన్ని ముందు లేపుతుంది. గుర్రం ముందు కాళ్ళు చాచి, ఆ తర్వాత వెనుక కాళ్ళతో ఒక్క ఊపున ఒంటినంతా పైకి తోస్తుంది. ఆ తోపుడు భారమంతా నొప్పి పెట్టే హాక్ కీళ్ళ మీదే పడుతుంది కనుక, ఒకసారి లేవలేక తిప్పలు పడిన గుర్రం తర్వాత పడుకోవడమే మానేస్తుంది. కొన్నాళ్ళకు నిలుచున్నచోటే గాఢ నిద్ర ముంచుకొచ్చి, ముందు మోకాళ్ళు ముడుచుకుని కూలబోయి, ఉలిక్కిపడి లేస్తుంది. ముందు కాళ్ళ మోకాళ్ళ మీదా, గిట్టలకు కాస్త పైనున్న కీళ్ళ ముందు వైపునా బొచ్చు ఊడి, చర్మం చెక్కుకుపోయి కనిపించే పాత గాయాలు ఇలా వచ్చినవి కావచ్చు. గుర్రం ఎక్కడో తట్టుకుందని దాన్ని సాకే సాయిసులు సరిపెట్టుకుంటారు.

అందుచేత విశ్రాంతికి ఎదురు నిలిచిన ఈ శీర్షిక ఇన్నాళ్ళ వాదనను సవరించుకోవలసి ఉంది. నడకా, పెర్గోలైడూ, గిట్టల చెక్కుడూ, నొప్పి మందూ ఇవ్వడం గుర్రం నేరుగా నడిచేందుకే అనుకుంటే వాటి విలువ పరిమితం, అవి ఆ గుర్రానికి పడుకునే ధైర్యాన్ని తిరిగి ఇవ్వడానికి అనుకుంటేనే వాటి మోతాదులకూ వేళలకూ ఒక కొలమానం దొరుకుతుంది. అడుగు కాస్త కుంటుగా ఉన్నా రాత్రి పడుకుని లేచిన గుర్రం, చక్కగా నడుస్తూ వారాల తరబడి నేల తాకని గుర్రం కంటే మెరుగైన స్థితిలో ఉంది. ఉదయం ఒంటి మీద ఒక పక్కన అంటిన ఇసుకనూ, తోకలో చిక్కిన గడ్డిపరకలనూ సాయిసు చూసి తేదీ వేసి రాసిపెడితే, వైద్యుడికి అంతకు మించిన సమాచారం లేదు.

పడుకోవాలంటే చోటు కావాలి. పన్నెండడుగుల చదరపు గది మామూలు గుర్రానికి సరిపోతుంది గానీ, ముందు కాళ్ళు బారుగా చాచి లేవవలసిన ముసలిదానికి ఇంకా విశాలమైనది మేలు. కాలు జారని అడుగు, లోతైన ఇసుక లేదా ఊక పరుపు, దగ్గర్లో మేలుకుని ఉండే తోటి గుర్రం అవసరం, ఎందుకంటే ఒంటరి గుర్రం భయంతో నేల మీద వాలడానికి వెనకాడుతుంది. ఇవన్నీ సమకూర్చి, మందులు సరిచూసి, తగినంత కాలం వేచి చూసినా అది పడుకోలేకపోతే, లేదా పడుకుని లేవలేకపోతే, బాధ లేని మరణం గురించి యజమాని వైద్యుడితో ముందుగానే మాట్లాడుకోవాలి, ఒక రాత్రి అది గోడ మూలన ఇరుక్కుని తెల్లవార్లూ కొట్టుకునేదాకా ఆగకూడదు. అందుకు వాడే పెంటోబార్బిటాల్ కళేబరంలో నిలిచి ఉండి, దాన్ని తిన్న కుక్కలనూ రాబందులనూ చంపగలదు కనుక, ఊరి చివర వదిలేయకుండా లోతుగా గొయ్యి తవ్వి పూడ్పించే పనిని కూడా ఆ మాటల్లోనే తేల్చుకోవాలి.